పాత పెంకులు చాలు

కొత్తగా కట్టిన ఫ్లెక్సీకి ఎండ తగిలితే ఒక వాసన వస్తుంది, కాలిన రబ్బరుకీ కిరసనాయిలుకీ మధ్య రకం వాసన. నెల్లూరులో మా వీధి మలుపులో, పాలబూత్ పక్కన, మొన్న ఎవరో కరాటే క్లబ్బువాళ్ళు అలాంటిది ఒకటి కట్టారు. తెల్ల డ్రెస్సులో ఓ పదేళ్ళ పిల్ల నోరంతా తెరిచి పిడికిలి రోడ్డు వైపు చాపి ఉంది. కింద ‘మీ అమ్మాయికి ధైర్యం నేర్పండి, మొదటి వారం ఉచితం’ అని రాశారు. పాలప్యాకెట్లు పట్టుకుని నేను ఆ పిడికిలినే చూస్తూ నిలబడిపోయాను. పిల్ల బొటనవేలు లోపలికి మడిచిపెట్టింది. అలా కొడితే ముందు విరిగేది ఆ వేలే. ఫొటో తీసినవాడికి తెలియకపోవచ్చు, నేర్పేవాడికన్నా తెలియొద్దా? ఒళ్ళు మండిపోయింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, చిన్నప్పటి నుంచీ అంతే.

ఆ చిన్నతనం నెల్లూరు జిల్లాలోనే సముద్రం దగ్గర ఉన్న కోట అనే ఊళ్ళో గడిచింది. మా నాన్న రొయ్యల గుంటల్లో మోటార్లు బాగుచేసే మెకానిక్కు. వారంలో ఆరు రోజులు మోచేతుల దాకా గ్రీజు, ఆదివారం మాత్రం గంజి పెట్టిన తెల్లచొక్కాతో చర్చిలో అందరికన్నా పెద్ద గొంతుతో పాడేవాడు. ఎండాకాలం తూర్పుగాలి తిరిగితే ఊరంతా ఎండుచేపల వాసన, కార్తీకంలో వాయుగుండం పట్టిందంటే నాలుగు రోజులు గుడ్డలారక ఇంటినిండా ముక్కవాసన, డిసెంబరు వచ్చేసరికి అమ్మ అరిసెల పాకం పట్టే వాసన. కజ్జికాయలు ఒత్తే చెక్క అచ్చుని నేనూ అక్కా చెరో వైపు పట్టుకు లాగి, చివరికి ఇద్దరం అదే అచ్చుతో దెబ్బలు తినేవాళ్ళం.

దెబ్బలంటే గుర్తొచ్చింది, ఆ లోకమంతా దెబ్బల మీదే నడిచేది. లెక్కల అయ్యవారు చింతబరికెతో పిక్కల మీద కొట్టేవాడు. తెలుగు టీచరు వేళ్ళ మధ్య పెన్సిలు పెట్టి నొక్కేది. అమ్మకి ఏది అందితే అది, ఎక్కువసార్లు అట్లకాడ అందేది. చేపల వేలంపాట దగ్గర మగవాళ్ళు తెడ్లతో తలలు పగలగొట్టుకోవడం, బిళ్ళంగోడు ఆటలో తగువొచ్చి గోడు కర్రతోనే పళ్ళు రాలగొట్టుకోవడం నేను కళ్ళారా చూశాను. నేను ఇంట్లో రెండో ఆడపిల్లని, బక్కగా నల్లగా ఉండేదాన్ని. అందరి చెయ్యీ నా మీద ఆనేది, నా చెయ్యి ఆనడానికి మాత్రం ఎవరూ లేరు.

ఐదో తరగతిలో ఉండగా సూళ్లూరుపేట నుంచి రాజేంద్ర మాస్టరు మా స్కూలుకి వచ్చాడు. అసెంబ్లీ అయ్యాక మమ్మల్నందర్నీ గ్రౌండులో కూర్చోబెట్టారు. తెల్ల బట్టలు, నల్ల బెల్టు, కాళ్ళకి చెప్పుల్లేవు. తనతో వచ్చిన శేఖరన్న అనే శిష్యుడి చొక్కా విప్పించి, వీపు మీద ట్యూబులైటు పెట్టి పగలగొట్టాడు. పౌడరు పొగలా లేచింది, వీపు మీద సన్నగా నెత్తురు గీతలు దిగాయి, ఆడపిల్లలు కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. తర్వాత మాస్టరు చేతుల మీదుగా మోటారుసైకిలు పోనిచ్చారు, పొట్ట మీద కొబ్బరికాయ పెట్టి కత్తితో నరికారు. ఆఖరున ఆయన చెయ్యి దులుపుకుని, “నేర్చుకుంటే మిమ్మల్ని కొట్టేవాడు ఉండడు” అన్నాడు. ఆ మాటకే నేను పడిపోయాను. ఇంటికెళ్ళి మూడు రోజులు అన్నం మానేసి, నాన్న చేత ఊఁ అనిపించాను.

క్లాసంటే మార్కెట్ యార్డు వెనక ఇసక నేల. తొడల మీద వెదురుకర్రతో కొట్టించుకుంటూ కదలకుండా నిలబడటం మొదటి పాఠం. ఏడిస్తే ఇంకో పది. పిడికిళ్ళు ఇసక బస్తాకేసి గుద్ది గుద్ది కణుపుల మీద చర్మం లేచిపోతే కొబ్బరినూనెలో పసుపు కలిపి రాసుకుని మర్నాడు మళ్ళీ అక్కడే గుద్దేవాళ్ళం. నిజం చెప్పొద్దూ, నాకది స్వర్గంలా ఉండేది. ఎదుటివాడి డొక్కలో కాలు దిగినప్పుడు వాడి నోట్లోంచి వచ్చే ఆ ‘హుఁ’ శబ్దం నాకు చెప్పలేనంత ఇష్టం. చర్చిలో రెండో చెంప చూపించమని పాస్టరుగారు చెబుతుంటే తల వంచుకుని పిడికిలి బిగించుకునేదాన్ని.

పిల్లల్ని చేర్పించే పని కూడా మాదే. సున్నం కొట్టిన గోడ ఎక్కడ కనిపించినా నీలిమందుతో ‘కరాటే నేర్చుకోండి’ అని రాసేవాళ్ళం. రిక్షాకి మైకు కట్టి సంత రోజు తిరిగేవాళ్ళం. అంతలో గూడూరు నుంచి ఇంకో క్లబ్బు వచ్చి మా రాతల మీద వాళ్ళ పోస్టర్లు అంటించడం మొదలుపెట్టింది. వాళ్ళు పిల్లలకి డ్రెస్సు ఊరికే ఇచ్చేవాళ్ళు. ఒక సాయంత్రం బస్టాండు గోడ దగ్గర ఎదురుపడ్డాం. వాళ్ళు జిగురు బకెట్టుతో, మేము నీలిమందు డబ్బాతో. ఎవరు మొదలుపెట్టారో చెప్పలేను, శేఖరన్న చెవి చిరిగింది, వాళ్ళలో ఒకడి ముందుపన్ను నా మడమ తగిలి ఊడి జిగుర్లో పడింది. ఇంటికొచ్చాక అమ్మ కొట్టింది కానీ, ఆ రాత్రి నవ్వుకుంటూ పడుకున్నాను.

ఎన్ని గోడలు రాసినా, మాస్టరు లెక్కలో అసలైన ప్రకటన నేనే. పదకొండేళ్ళ బక్కపిల్ల ఐదు పెంకులు ఒక్క దెబ్బకి పగలగొడితే, చూసిన తల్లిదండ్రులు ఇళ్ళకెళ్ళి ఊరుకోలేరు. “చుక్క నెత్తురు, ఒక ఆడపిల్ల. ఈ రెండూ ఉంటే చాలు, గ్రౌండు నిండతాది” అనేవాడు. ఆ పెంకుల్లో ఒక రహస్యం ఉంది. సముద్రం దగ్గర కూలిపోయిన ఒక ఉప్పు కొఠారు ఉండేది. దాని పైకప్పు పెంకులు ఏళ్ళ తరబడి ఉప్పు తగిలి లోపల పొడిబారి, పైకి మాత్రం పెంకుల్లా ఉండేవి. వేలితో తడితే డబ్బుమని మొద్దు శబ్దం వస్తుంది, గట్టిగా అదిమితే బిస్కెట్టులా విరుగుతాయి. మేమే వెళ్ళి ఏరి, గోనెపట్టాలో చుట్టి తెచ్చేవాళ్ళం. ఈ సంగతి బయట చెప్పకూడదని మాస్టరు మా చేత ఒట్టు వేయించుకున్నాడు.

రెండో ఏడు సంక్రాంతి దాటేసరికి క్లాసులో తొమ్మిదిమందే మిగిలారు, మిగతావాళ్ళంతా ఊరికే వచ్చే డ్రెస్సుకి పోయారు. నెలాఖరులోపు పిల్లలు చేరకపోతే మూసేసి మద్రాసులో కంపెనీ పనికి పోతానన్నాడు మాస్టరు. క్లబ్బు పోతే నేను మళ్ళీ దెబ్బలు తినడానికి తప్ప దేనికీ పనికిరాను. అందుకే ఒక ఆదివారం చర్చి అవగానే నాన్నకి చెప్పకుండా ఆటో ఎక్కాను. జాలర్ల పల్లెని మా వైపు కుప్పం అంటారు. కోటకి తూర్పున ఉన్న ఒక పెద్ద కుప్పంలో ఆ సాయంత్రం మా ప్రదర్శన.

ఇసక దారిలో ఆటో ఎగిరెగిరి పడింది. దిగి గోనెపట్టా విప్పితే పెంకులన్నీ ముక్కలై ఉన్నాయి. అప్పటికే వలలు ఆరేసే దిబ్బ మీద మూడొందలమంది కూర్చుని ఉన్నారు. మాస్టరు ఊరిపెద్ద చెంగయ్య దగ్గరికెళ్ళి, “పాత పెంకులు ఏవన్నా ఉంటే చాలు పెద్దాయనా, పాడుబడిన ఇంటివైనా పర్లేదు” అని అడిగాడు. మా వైపు మర్యాద తెలిసినవాళ్ళకి ఆ మాట ఎలా వినిపిస్తుందో మాస్టరు ఆలోచించలేదు. చుట్టం పాతది చాలంటే మొహమాటానికి అన్నాడనే అర్థం, కొత్తది తెచ్చిపెట్టకపోతే ఊరికే అవమానం.

“పాతవి చాలంట! మన కుప్పానికి వచ్చిన ఆడబిడ్డకి పాడుబడిన పెంకు ఇస్తామా? నా ఇంటికి దించినవి ఉండాయి గదా, వాటిల్లో మంచివి చూసి తెండిరా” అన్నాడు చెంగయ్య. ఆయన జీవితంలో మొదటిసారి పెంకుటిల్లు కట్టుకుంటున్నాడట. ఎర్రగా మెరిసే ఐదు పెంకులు తెచ్చి, పైపంచెతో తుడిచి, తానే స్వయంగా రెండు రాళ్ళ మీద పేర్చాడు.

నేను వేలితో తట్టాను. గంట మోగినట్టు ఖంగుమంది. మాస్టరు విన్నాడు. ఒక్కటి ఉంచి నాలుగు తీసేయొచ్చు, పిల్లకి ఒంట్లో బాగాలేదని చెప్పొచ్చు. ఆయన ఒకసారి జనం వైపు చూసి నా చెవి దగ్గరికి వంగాడు. “చేతిని చూడబాక. జనాన్ని చూడు. కొట్టు.”

కొట్టాను. టప్పుమని శబ్దం వచ్చింది కానీ పెంకులోంచి కాదు. మోచేతి దాకా తిమ్మిరెక్కింది, పెంకులు అలాగే ఉన్నాయి. జనంలో ఎవడో కిసుక్కుమన్నాడు. “మళ్ళీ” అన్నాడు మాస్టరు. ఆ నవ్వినవాడి మీద కోపంతో, ప్రాణమంతా చేతిలోకి తెచ్చుకుని రెండోసారి దించాను. పైన మూడు పెంకులు పగిలాయి. వాటి అంచు అరచేతి పక్కన లోతుగా దిగింది, చిటికెన వేలు వెనక్కి తిరిగిపోయింది, మణికట్టు కింద తెల్లగా ఏదో కనిపించింది. నెత్తురు ఎర్రపెంకు మీద పడి ఇసకలోకి కారింది. జనం లేచి నిలబడి ఈలలు వేశారు. అది కూడా ఆటలో భాగమనుకున్నారు. చెంగయ్య ఒక్కడే పరుగెత్తుకొచ్చి తలపాగా విప్పి నా చేతికి చుట్టాడు.

ఆసుపత్రిలో నాన్న వచ్చేలోపు మాస్టరు నా మంచం దగ్గర కూర్చుని, “పెంకుల సంగతి ఎవురికీ చెప్పబాక. చెప్తే క్లబ్బు పోతాది” అన్నాడు. నాన్న వచ్చాడు. పాటలు పాడే మా నాన్న, చీమకి కూడా పక్కకి జరిగే మా నాన్న, మాస్టరు జుట్టు పట్టుకుని వరండాలోకి ఈడ్చాడు. “నా బిడ్డ చెయ్యేమన్నా నీ అంగడి బోర్డారా?” అంటూ గ్రీజు పిడికిళ్ళతో మొహం మీద గుద్దాడు. నల్ల బెల్టు ఉన్న మనిషి ఒక్క దెబ్బా ఆపలేదు. ఆపలేకపోయాడో, ఆపదలుచుకోలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ వారంలోనే యాభైమంది చేరారు. అందులో ఇరవైమంది ఆ కుప్పం పిల్లలే. ఎముక బయటపడినా రెండోసారి కొట్టిన పిల్ల అంటూ ఊళ్ళల్లో పాకిన కథ ఏ పోస్టరూ చేయలేని పని చేసింది. నన్ను మాత్రం నాన్న ఇక ఆ మార్కెట్ యార్డు గేటు తొక్కనివ్వలేదు.

పదో రోజున చెంగయ్య మా ఇంటికి వచ్చాడు, బుట్టలో వంజరం చేప పెట్టుకుని. గుమ్మం దాటి లోపలికి రాలేదు. నా కట్టు వైపు చూస్తూ, “మా పెంకుల్లో ఏం దోషం ఉండాది తల్లీ? వేరే ఊర్లల్లో పగిలినాయంట గదా” అని అడిగాడు. ఒట్టు గుర్తొచ్చింది. చేరిన యాభైమంది గుర్తొచ్చారు. “నా దెబ్బ సరిగ్గా పడలేదు తాతా” అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. “నేను చూసినాను బిడ్డా. నువ్వు బాగనే కొట్టినావు. తెచ్చింది నేను” అని, చేప అమ్మకిచ్చి వెళ్ళిపోయాడు. ఆ రోజు పులుసు నేను ముట్టలేదు. ఇంతా చేసి ఆ క్లబ్బు రెండేళ్ళు కూడా నిలవలేదు, మాస్టరు మద్రాసు వెళ్ళనే వెళ్ళాడు.

పోయిన వేసవిలో చుట్టాల పెళ్ళికి కోట వెళ్ళి, ఏం తోచిందో, ఆ కుప్పం దాకా పోయాను. ఉప్పు కొఠారు ఉన్నచోట రొయ్యపిల్లల హేచరీ ఉంది. వలల దిబ్బ మీద సెల్ టవరు ఉంది. నీలిమందు రాతల గోడలు ఒక్కటీ లేవు, అంతటా స్లాబు ఇళ్ళే. చెంగయ్య పోయి రెండేళ్ళయిందని ఆయన కోడలు చెప్పింది. ఎవరని అడిగితే చెప్పాను. ఆమె నా చెయ్యి తీసుకుని తిప్పి చూసింది.

“మామ ఆ పెంకులు కప్పనే లేదమ్మా” అంది. “అన్నిటినీ గొయ్యి తీసి పూడ్చేసినాడు. పసిబిడ్డ నెత్తురు తాగిన పెంకుల కింద ఎట్ట పండుకునేది అన్నాడు. తాటాకే కప్పుకున్నాడు. తుపాను వచ్చినప్పుడల్లా ఎగిరిపోయేది, మళ్ళీ కప్పేవాడు. పోయేదాకా అంతే.”

అప్పుడు చెప్పాను, ఉప్పు కొఠారు సంగతి, మాస్టరు ఒట్టు, ఆ పెంకులు మంచివి కావడమే జరిగిన పొరపాటని. ఆమె చివరిదాకా వింది. “ఈ మాట ఆయనతో చెప్పుంటే సరిపోయేది గదమ్మా” అంది. కోపంగా అనలేదు, లోపలికెళ్ళి టీ తెచ్చి ఇచ్చింది.

కోట నుంచి ఆ కుప్పానికి రోజూ బస్సు ఉంది. ముప్పై ఏళ్ళుగా ఉంది. నేను ఎక్కలేదు.