శారీ గార్డు లేని బండి

పోయినవి ఇవీ. నా భార్య కట్టుకున్న పట్టుచీర, ఏడువేలు. ఆమె ఎడమ మణికట్టుకు కట్టు, మందులు కలిపి నాలుగువేల రెండువందలు. నెలన్నర ఆగిపోయిన ఆమె మగ్గం కూలి, పద్దెనిమిది వేలు. మొత్తం ఇరవైతొమ్మిదివేల రెండువందలు. నొప్పికి ధర కట్టలేదు.

మాది ధర్మవరం. మేం నేసిన చీరలు హిందూపురం తీసుకుపోయి అమ్ముతాం. నలభైయారో ఏట బండి నేర్చుకున్నాను. కాళ్ళు రెండూ నేలకు ఆనాలి, పడితే ఒక్కణ్ణే లేపుకోగలగాలి అనుకుని హిందూపురంలోనే పాత వంద సీసీ బండి తీసుకున్నాను. సీటు కొంచెం దించి, చీరల మూటకు వెనక క్యారియర్ బిగించమని అక్కడి మెకానిక్కుకు ఇచ్చాను.

సాయంత్రానికి క్యారియర్ వచ్చింది. వెనక కూర్చున్న ఆడవాళ్ళ చీర చక్రంలో పడకుండా ఎడమవైపు ఉండే కమ్మీల అడ్డం, అందరూ శారీ గార్డు అనేది, లేదు.

"యాడప్పా అది?"

"క్యారియర్‌కు అడ్డమొస్తాంటే పీకేసినా. ఇప్పుడు సూడు, కాలేజీ పిల్లోళ్ళ బండి మాదిరి ఉండాది."

"మా ఇంటామె ఎక్కుతాది."

"వచ్చే వారం రా, వేరే బోల్టులేసి బిగిస్తా. అంతవరకూ చీర దగ్గరికి పట్టుకోమను."

వారం తర్వాత చీరలు ఇవ్వడానికి, ఆ గార్డు బిగించుకోవడానికి ఇద్దరం బయలుదేరాం. కొనేవాళ్ళు చూస్తారని ఆమె మేం నేసిన చీరే కట్టుకుంది. కొంగు నడుముకు చెక్కుకుంది, కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుంది. పెనుకొండ దాటాక గుంతలో బండి ఎగిరింది. పట్టు కోసం ఆమె చెయ్యి వదిలింది. చక్రం కుచ్చిళ్ళను లాగేసుకుంది, ఆమె ఎడమచేతి మీద పడింది.

ఎముక విరిగి రోడ్డు మీద పడి ఉన్న మనిషితో, నీళ్ళైనా ఇవ్వకముందే, "చీర సర్దుకోని కూచోవద్దామ్మా?" అన్నారు. దారినపోయేవాళ్ళు నలుగురు ఆగితే నలుగురిదీ అదే మాట!

కట్టుతోనే ఆమెను మెకానిక్కు దగ్గరికి తీసుకుపోయాను. గార్డు లేదు. అంతకు ముందే నూటయాభైకి అమ్మేశాడట.

"ఏమబ్బా, నూటయాభైకి నా చెయ్యి అమ్ముకుంటివా?" అంది ఆమె.

"బండెక్కేటప్పుడు డ్రెస్సు ఏసుకోవాల గదక్కా."

"నేను నేసేది చీర్లు. డ్రెస్సు ఏసుకోని పోతే ఎవుడు కొంటాడు? నీ పెండ్లాముకు చెప్పుపో."

గొడవకు పక్క అంగళ్ళవాళ్ళు చేరి పంచాయితీ చేశారు. చీరకూ, ఆసుపత్రికీ అయినదాంట్లో సగం, అంటే ఐదువేల ఆరువందలు, అతను ఇవ్వాలన్నారు. మగ్గం కూలి అడిగితే నవ్వారు.

"ఇంట్లో ఆడమనిషి నేసుకునేదానికి కూలేందప్పా?"

మా ఇంట్లో రెండు మగ్గాలు. నా మగ్గం ఆగి ఉంటే ఆ నోళ్ళు ఆ మాట అనేవి కావు. ఆమె నేసిన చీరా నేను నేసిన చీరా ఒకే ధరకు పోతాయి. ఏది ఎవరిదో కొన్నవాడు కనుక్కోలేడు.

మెకానిక్కు రెండువేలు ఇచ్చాడు. వాళ్ళ లెక్కలో అతని బాకీ మూడువేల ఆరువందలు. నా లెక్కలో ఈరోజుకీ ఇరవైఏడువేల రెండువందలు.