ఐస్ పెట్టెలో పీతలు

ఇంగ్లండులో న్యూకాసిల్ చుట్టుపక్కల చూడదగ్గ ప్రదేశాలు ఏమున్నాయని ఎవరైనా అడిగితే నాకు ముందు ఒళ్లు మండుతుంది. మనవాళ్లు చూసే పద్ధతి నాకు తెలుసు. కోట దగ్గరికి వెళ్తారు. కోట పేరున్న బోర్డు ముందు వరసగా నిలబడి ఫోటోలు దిగుతారు. లోపలికి టికెట్టు దండగని కార్ పార్కులోనే పులిహోర విప్పుతారు. సాయంత్రానికి వాట్సాప్ నిండా ఫోటోలు, ఒక్కదానిలోనూ కోట ఉండదు.

ఆ రోజుల్లో నేను అక్కడ ఆసుపత్రిలో నర్సుని. మా తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌లో సగం మంది నర్సులు, మిగతావాళ్లు వృద్ధుల కేర్ హోముల్లో పనిచేసేవాళ్లు. ఏటా ఆగస్టు చివర్లో దేశమంతా సెలవిచ్చే బ్యాంక్ హాలిడేకి అందరం కలిసి ఎక్కడికో వెళ్లి, ప్రార్థన చేసుకుని, ప్రేమవిందు పేరుతో కలిసి భోంచేసి రావడం ఆనవాయితీ. వరసగా మూడేళ్లు ఒకే కోటకి వెళ్లాం. ఆ ఏడాది ఆరాధన అయ్యాక పాస్టర్‌గారి భార్య, మేమంతా అమ్మగారని పిలిచేవాళ్లం, ఆవిడ అడిగారు.

"ఎవరికీ తెలియని మంచి చోటేదన్నా ఉంటే చెప్పండమ్మా. ఆ కోట చూసి చూసి విసుగెత్తింది."

పెద్దవాళ్లకంటే ముందే మా అమ్మాయి చెయ్యెత్తింది. దానికప్పుడు పదేళ్లు. అక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులోనే వస్తుంది. "ఐ నో అ ప్లేస్" అంది. ఆపుదామనుకున్నాను, కానీ పదిమందిలో పిల్ల నోరు ఎలా మూస్తాను.

అది మా ఇద్దరికీ మాత్రమే తెలిసిన చోటు. బడి సెలవుల్లో ఒకసారి నాకు వారం మధ్యలో ఆఫ్ దొరికితే, ఎటో వెళ్లబోయి దారి తప్పి కనుక్కున్నాం. ఊరికి ఉత్తరంగా, గొర్రెలు మేసే పొలంలోంచి కాలిబాట, దాని చివర చెక్క గేటు, గేటు దాటితే చిన్న ఇసుక ఒడ్డు. బోర్డు లేదు, ఐస్‌క్రీం బండి లేదు, టాయిలెట్ లేదు. ఆటుకి నీళ్లు వెనక్కి పోతే నల్లరాళ్ల మధ్య నీటి గుంటలు బయటపడతాయి. వాటి పక్కన మా అమ్మాయి బోర్లా పడుకుని గంటలు గంటలు చూసేది. రాయి మెల్లగా ఎత్తాలి, కింద పీత ఎలా ఉందో చూడాలి, రాయి మళ్లీ ఎలా ఉందో అలాగే పెట్టెయ్యాలి. ఆ నియమం అది పెట్టిందే. నన్ను కూడా పక్కన పడుకోబెట్టి నేర్పింది.

సండే స్కూల్లో దాని పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. ఎప్పుడూ పురుగూ పుట్రా కబుర్లేనని మిగతా పిల్లలు వెక్కిరించేవారు. ఈ ఒడ్డు చూపిస్తే వాళ్లకి తనమీద ఇష్టం కలుగుతుందని దాని ఆశ. వారం రోజులు అదే ధ్యాస. ఎవరు ఏ గుంట చూడాలో కూడా అనుకుని పెట్టుకుంది.

పొద్దున్నే వెళ్దామంటే మనవాళ్లు కదిలేసరికి పదకొండు దాటింది. ఏడు కార్లు, రెండు బిర్యానీ గిన్నెలు, ఒక డోలక్. పొలం గేటు తెరిచినవాళ్లు మూయలేదు. నేను వెనక్కెళ్లి మూసి వచ్చాను. పాట, ప్రార్థన, ఆ తర్వాత భోజనం. తిన్న చేతులు ఎక్కడ కడిగారనుకున్నారు? ఆ గుంటల్లోనే. నీళ్లమీద నెయ్యి తెట్టు కట్టి తేలింది. మా అమ్మాయి మాత్రం అదేమీ పట్టించుకోకుండా పిల్లల్ని పిలిచి, మొదటి రాయి ఎత్తి, కింద పీతని చూపించింది.

"అబ్బో, పీతలే!" అంది వెనకనుంచి ఒక ఆంటీ. ఆవిడది నర్సాపురం దగ్గర. "ఎన్నాళ్లైందే పీతల పులుసు తిని. ఏవండీ, ఆ పెట్టె ఇలా పట్రండి."

అంతే. కూల్‌డ్రింకులు తెచ్చిన ఐస్ పెట్టె ఖాళీ అయింది. అంకుల్స్ ప్యాంట్లు మడిచి దిగారు. పిల్లలకైతే పండగ. రాళ్లు తిరగేసి, విసిరేసి, ఎవరు ఎక్కువ పట్టుకుంటే వాళ్లు గొప్ప. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

"ప్లీజ్ పుట్ దెమ్ బ్యాక్" అని మా అమ్మాయి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి అడిగింది. "తినడానికే కదమ్మా పుట్టింది అయ్యి" అని ఒక అంకుల్ దాని తలమీద తట్టాడు.

నేనూ ఊరుకోలేదు. "వదిలెయ్యండక్కా, బొటనవేలంత ఉన్నాయి, వాటిలో ఏముంటుంది?" అన్నాను. "పులుసుకి రుచొస్తుందిలే" అంది ఆవిడ. మా ఆయన నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. "పదిమందిలో గొడవెందుకు? నాలుగు పీతల కోసం వాళ్లతో తగువా?" అన్నాడు. ఆ ఆంటీ కారులో జాగా లేదంటే, పెట్టె మోసుకొచ్చి మా డిక్కీలో పెట్టింది కూడా ఆయనే. కంచే చేను మేయడమంటే ఏమిటో ఆ రోజు చూశాను. ఆ మనిషి మీద అప్పుడు పుట్టిన ఏవగింపు చాన్నాళ్లు పోలేదు.

పిల్లలు మాత్రం మా అమ్మాయి చుట్టూ మూగి "బెస్ట్ ప్లేస్ ఎవర్" అన్నారు. ఇంటికి వచ్చే దారంతా మా అమ్మాయి సీటు వెనక పెట్టెలో పీతలు గీరుతూనే ఉన్నాయి. రెండు చేతులతో చెవులు మూసుకుని కూర్చుంది. మా ఆయన పాటల సౌండ్ పెంచాడు.

ఆ రాత్రే మా ఆయన పెట్టె ఆ ఆంటీ ఇంట్లో ఇచ్చొచ్చాడు. మర్నాడు ఆవిడకి ఫోన్ చేశాను. "అబ్బే, అయ్యేం పీతలమ్మా, అన్నీ డొల్లే. పొద్దున్నకి కంపు కొడతంటే బిన్‌లో పారేశా" అంది. పైగా నవ్వింది. వండుకుని తిన్నా ఇంత అసహ్యం వేసేది కాదు.

తరవాతి ఏడాది ఆగస్టు దగ్గరపడుతుండగా అమ్మగారు మా అమ్మాయినే అడిగారు, ఈసారి ఎక్కడికి తీసుకెళ్తావు తల్లీ అని. కోటకి వెళ్దామంది. అక్కడ పెద్ద కార్ పార్క్ ఉందని, టాయిలెట్లు శుభ్రంగా ఉంటాయని చెప్పింది. అందరూ సరేనన్నారు.

ఇంటికొచ్చాక దాని గదిలోకి వెళ్లి మంచం మీద కూర్చున్నాను. గురువారం నాకు ఆఫ్ ఉందని, మనిద్దరమే ఆ ఒడ్డుకి వెళ్దామని, డాడీకి కూడా చెప్పొద్దని అన్నాను. నాకు సరిగా అర్థం కావాలనేమో, అది ఒక్కో మాటా వెతుక్కుంటూ తెలుగులో చెప్పింది.

"వద్దు మమ్మీ. నువ్వు కూడా పీతల్ని పట్టుకుంటావేమో అని నేను చూస్తూ ఉండాలి."