రెండో మావయ్య, రెండు పోర్షన్ల కంప్యూటర్

ఆయనకు అన్నలూ లేరు, తమ్ముళ్లూ లేరు. అయినా అక్కగారింట్లో అందరికీ ఆయన రెండో మావయ్యే. ఎందుకంటే ఆ మహానుభావుడు కొత్తది కొంటాడు గానీ పాతదాన్ని చచ్చినా పారెయ్యడు, ఆయన దగ్గర అన్నీ రెండేసి. ఎడమ చేతికి నడిచే గడియారం, కుడి చేతికి ఆగిపోయిన గడియారం. "ఆగిపోయింది కదా అని విప్పేస్తే అదేమనుకుంటుందే?" అంటాడు. ఆయనింట్లో కొత్త కుర్చీ పక్కనే కాలు విరిగిన కుర్చీ గోడకి చేరబడి ఉంటుంది. వచ్చినవాళ్లెవరైనా అందులో కూర్చుని పడితే, పరుగున వచ్చి ముందు కుర్చీని లేవదీస్తాడు.

లిఫ్టులు బాగుచేయడం ఆయన ఉద్యోగం, కంప్యూటర్లు బాగుచేయడం సరదా. అందుకే మేనకోడలు ఆయన్ని పిలిచింది. ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో ఆమెకి కొత్తగా ఉద్యోగం వచ్చింది. వాళ్ల సాఫ్ట్‌వేరేమో ఇంట్లో ఉన్న పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లో నడవనని మొండికేసింది. మొదటి ప్లాను సాయంత్రంలోగా పంపకపోతే ఆ పని ఇంకొకరి చేతికి పోతుంది.

"మావయ్యా, పాతది పీకేసి కొత్తది పెట్టెయ్."

"పీకేయడమా! ఉన్నవాళ్లని వీధిలోకి నెట్టి కొత్తవాళ్లని దింపుతామా? మధ్యలో గోడ కడతా. ఇటు పాతది, అటు కొత్తది."

"పాతదాంతో నాకేం పని?"

"ఉండనీవే, పాపం."

మంచం మీంచి నాయనమ్మ అందుకుంది. కోడలి తమ్ముడని కూడా చూడదు, ఈయన కనబడితే చాలు ఆవిడ నోరు ఊరుకోదు. "అయ్యా రెండో ఆయనా! ఉన్నదాన్ని చెడగొట్టి పోకు."

"అలాగేనండీ అత్తయ్యగారూ."

గోడ కట్టడం మొదలైంది. తెర నల్లబడింది, అక్షరాలు వరదలా పారాయి, మళ్లీ నల్లబడింది. "ఇది బతికుందా?" అంది మేనకోడలు. "ఆలోచిస్తోంది" అన్నాడు మావయ్య. చివరికి తెర మీద పాతదీ కొత్తదీ, రెండు పేర్లు కనిపించాయి. ఆమె బాణం మీట నొక్కి కొత్తది తెరిచి, గబగబా ప్లాను గీసి, దాచుకుంది. పంపబోతుండగా కరెంటు పోయింది.

కరెంటు రాగానే కంప్యూటర్ బటన్ నొక్కి, మొహం కడుక్కుని వచ్చింది. ప్లాను లేదు! సాఫ్ట్‌వేరూ లేదు!

"నేనేం ముట్టుకోలేదమ్మా!" అంది నాయనమ్మ, ఎవరూ అడక్కుండానే.

"పోలేదే తల్లీ" అన్నాడు మావయ్య తాపీగా. "అది పక్క పోర్షన్లో ఉంది. నువ్వు పాత పోర్షన్లో నిలబడి వెతుకుతున్నావు."

"నేనెప్పుడొచ్చాను ఇందులోకి?"

"నువ్వు రాలేదు. ఎవరూ ఏమీ నొక్కకపోతే కాసేపు చూసి అదే పాతదాంట్లోకి వెళ్లిపోతుంది. నేనే అలా పెట్టా."

"ఎవరైనా కొత్తది ముందు వచ్చేలా పెడతారు గానీ! మార్చు!"

"ముందు ప్లాను పంపవే!"

ఆమె కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టి, ఈసారి బాణం నొక్కి కొత్తదాంట్లోకి వెళ్లి పంపింది. తలెత్తి చూసేసరికి మావయ్య లేడు, చెప్పులూ లేవు.

మర్నాడు మధ్యాహ్నం తనే మార్చేద్దామని ఆమె గదిలోకి రాబోయి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నాయనమ్మ కంప్యూటర్ బటన్ నొక్కి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తెర మీద రెండు పేర్లు వచ్చాయి. ఆవిడ చూపుకి అవి ఆనలేదు, ఆవిడ దేన్నీ ముట్టుకోలేదు. కాసేపటికి పాతది దానంతటదే తెరుచుకుంది. పెద్ద పెద్ద అక్షరాలతో, రోజూ ఉండే చోటే, ఆవిడ పేకాట.

మేనకోడలికి మావయ్య మీద ఒక్కసారిగా ప్రేమ పొంగుకొచ్చింది. అవతలికెళ్లి ఫోన్ చేసింది. "నాయనమ్మ కోసమా? ముందే చెప్పొచ్చుగా!"

"చెప్పడానికేముందే? ఎవరూ నొక్కకపోతే లిఫ్టు కిందికొచ్చి ఆగేలా పెడతాను. కింద నిలబడేది మెట్లెక్కలేనివాళ్లు కదా. నీకు బాణం నొక్కడం వచ్చు. ఆవిడకి ఎదురుచూడ్డమే వచ్చు."

ఇంతలో గదిలోంచి నాయనమ్మ గొంతు ఖంగుమంది. "చూశావటే! నిన్న ఇంత హడావిడి చేశాడా, ఆ రెండో ఆయన ఇందులో ఏమీ పెట్టలేదు! అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి!"

మేనకోడలు నవ్వు ఆపుకోలేక ఆ మాట ఫోన్లో చెప్పేసింది.

"నిజంగా అలాగే అందా?" అన్నాడు మావయ్య సంబరంగా. "అయితే పని బాగా కుదిరిందన్నమాట!"