గడ్డి కింద మెత్తగా తగిలింది

కిందటి వేసవిలో మా అమ్మాయి పట్టుబడితే హనుమాన్ జంక్షన్‌లో ఒక తెల్ల ఎలుకను కొన్నాం. మగదేనని అమ్మినతను చెప్పడంతో రాజు అని పేరు పెట్టాం. రెండు వారాలకే పొట్ట గుండ్రంగా తయారైంది. మామిడిపళ్లు తిని ఒళ్లు చేసిందనుకుని, నా మీద ఏనాడూ పనిచెయ్యని డైటింగును దాని మీద ప్రయోగించాను. తిండి సగానికి తగ్గించాను.

ఓ ఉదయం రాజు బోనులో లేడు. వెతికే పని అమ్మాయికి వదిలేసి, రోజూలాగే మామిడికాయలు మాగబెట్టిన బుట్టలో, వరిగడ్డి కింద చెయ్యి పెట్టి నొక్కి చూస్తున్నాను. ఒకటి మెత్తగా తగిలింది. పండిందనుకుని నొక్కబోతే కదిలింది! కెవ్వుమని చెయ్యి లాగేశాను. చూస్తే, మా రాజు గడ్డి పోగేసి గూడు కట్టుకుంటున్నాడు.

అత్తయ్యగారు వచ్చి పరీక్షగా చూశారు. "రాజూ లేదు, మంత్రీ లేదు. పొట్ట కింద చన్నులు తేలాయి, కనపడట్లా? కడుపుతోనే మనింటికొచ్చింది. గట్టిగా నొక్కేసుంటే ఏమయ్యేదమ్మాయ్?"

ఇద్దరు పిల్లల్ని కన్నదాన్నయ్యుండీ, కడుపుతో ఉన్నదాని నోరు కట్టేశాను.

మర్నాడు ఆ గడ్డిలోనే తొమ్మిది పిల్లల్ని పెట్టింది. గిన్నె నిండా అన్నం తెచ్చి పెడుతుంటే మా అమ్మాయి అడిగింది.

"అమ్మా, నేను కడుపులో ఉన్నప్పుడు కూడా నానమ్మ నీకు ఇలాగే తిండి తగ్గించిందా?"

"లేదమ్మా" అని, ఆ గిన్నెలో ఇంకో గరిటె వేశాను.

— ఓ పాఠకురాలు, ఆగిరిపల్లి