బొట్టు పెట్టిన కుర్చీ

నేను కుర్చీలు గీస్తాను. ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను. "ఇంకా?" అంటారు. ఇంకా ఏమీ లేదు. ఫంక్షన్‌హాల్ వెనక ఒకదాని మీద ఒకటి పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలు, కటింగ్ షాపులో గిరగిరా తిరిగే కుర్చీ, బస్టాండులో ఒక కాలు వంగిపోయిన ఇనుప కుర్చీ. మనుషులను గీయాలంటే నాకు భయం. మనిషి కదులుతాడు, మధ్యలో ఫోన్ ఎత్తుతాడు, అంతా అయ్యాక నా ముక్కు ఇట్లుంటుందా అని నిలదీస్తాడు. కుర్చీకి ముక్కు లేదు. కాళ్లు నాలుగున్నా ఎక్కడికీ పోదు.

పగలు సిద్దిపేటలో ఒక ఫ్లెక్సీ షాపులో డిజైనర్ని. పుట్టినరోజైతే పులి పక్కన, శ్రద్ధాంజలైతే మబ్బుల మధ్య ముఖాలు అతికించడం నా ఉద్యోగం. రోజంతా అన్ని ముఖాలు చూసినవాడు ఇంటికొచ్చి కుర్చీ గీసుకుంటే అందులో వింతేమీ లేదు.

అన్నిటికంటే ఎక్కువగా గీసింది మా బాపు, అంటే మా నాన్న కుర్చీని. ఇనుప చట్రానికి ఆకుపచ్చ ప్లాస్టిక్ వైరు అల్లిన కుర్చీ. బొంబాయి దగ్గర భివండీలో మరమగ్గాల ముందు ఏళ్లకేళ్లు నిలబడి వచ్చిన మనిషి, ఇంటికి తిరిగొచ్చాక మొదట కొన్న వస్తువు అది. వైరు తెగితే తనే అల్లుకుంటాడు, మమ్మల్ని ముట్టనివ్వడు. వీపు ఆనే చోట రంగు వెలిసిపోయింది. కుర్చీ చేతి మీద ఎప్పుడూ ఒక తువ్వాల ఉంటుంది. ఆయన లేచి వెళ్లాక కూడా కాసేపు ఆ కుర్చీ ఆయన బరువును మరిచిపోదు.

ఆ బొమ్మల్లో ఒకటి హైదరాబాద్‌లో ఒక చిన్న ప్రదర్శనకు వెళ్లి, అద్దం ఫ్రేముతో తిరిగొచ్చింది. హాల్లో తాత ఫొటో పక్కన ఒక మేకు ఖాళీగా ఉంటే దానికి తగిలించాను. ఇంట్లో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. అప్పటికి అందరి దృష్టీ బాపు గుండె మీద ఉంది.

రక్తనాళాలు మూసుకుపోయాయి, బైపాస్ చేయాల్సిందే, ఇంకోసారి నొప్పి వస్తే గుండె తట్టుకోదు అని హైదరాబాద్ డాక్టరు తేల్చి చెప్పాడు. బాపు మాత్రం, "సూపిచ్చుకోకముందు మంచిగనే ఉంటి" అంటూ వాయిదాలు వేశాడు. అమ్మ ఏడ్చి, నేను బతిమాలి, మేనమామ అరిచి, చివరికి ఎలాగో ఒప్పించాం. నేను బొమ్మ తగిలించిన ఆ వారమే శుక్రవారం చేరాలి, శనివారం ఆపరేషన్.

శుక్రవారమంటే మా అమ్మకు పటాల రోజు. పొద్దున్నే తలస్నానం చేసి, గోడ మీదున్న పటాలన్నిటికీ బొట్టు పెట్టి పూలు వేస్తుంది. మా ఇంట్లో ఫ్రేములో ఉన్నారంటే వాళ్లు దేవుళ్లు, లేదంటే దేవుడి దగ్గరికి పోయినవాళ్లు. అమ్మ మళ్లీ విచారణ చేయదు. ఒకసారి నా పదో తరగతి గ్రూప్ ఫొటోకూ పెట్టింది. ఆ బొట్టు సరిగ్గా లెక్కల సార్ నుదుటి మీద పడింది.

ఆ శుక్రవారం ఆమె కళ్లు ఏడుస్తున్నాయి, చేయి తన పని తాను చేసుకుపోతోంది. ఫ్రిజ్‌కు బొట్టు పెట్టింది. ఆస్పత్రి రిపోర్టుల ఫైలుకు పెట్టింది. నేను అడ్డు తప్పుకున్నాను.

బాపు స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని దండం పెట్టుకోవడానికి హాల్లోకి వచ్చాడు. గోడ మీద వరసగా దేవుడు, మరో దేవుడు, చనిపోయిన వాళ్ల నాయిన, ఆ పక్కన తువ్వాల వేసి ఉన్న తన ఖాళీ కుర్చీ. కుర్చీకి కుంకుమ బొట్టు. దాని మీద బంతిపూల దండ.

మా దగ్గర ఎవరైనా పోతే, దినాల నాడు టెంటు కింద కుర్చీ వేసి, అందులో ఆ మనిషి ఫొటో పెట్టి, బొట్టు పెట్టి దండ వేస్తారు. పోయినాయనకు సొంత కుర్చీ ఉంటే దాన్నే తెచ్చి వేస్తారు. అలాంటి కుర్చీలకు దండం పెట్టి, పక్క టెంటులో అన్నం తిని వచ్చిన అనుభవం బాపుకు చాలా ఉంది. ఆయనకు ఆ బొమ్మను ఎవరూ వివరించనక్కరలేదు. ఒక కళాకారుడికి ఇంతకంటే అర్థం చేసుకునే ప్రేక్షకుడు దొరకడు.

బాపు గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు.

"గిదెవలు పెట్టిన్రు?"

"నేనే. ఏమైందయ్యా?" అంటూ అమ్మ అప్పుడు చూసింది. కుంకుమ చేత్తోనే నోరు మూసుకుంది.

"నా దినాలు నువ్వు ముందుగాలనే చేసినవ్. ఇగ దవాఖాన ఎందుకు? నేను రాను."

అంతలో చిన్నకోడూరు నుంచి మామ కారు తీసుకుని వచ్చాడు. "బావా, లే లే, టైమైతుంది" అంటూ లోపలికి వచ్చి గోడ చూసి ఆగిపోయాడు. వెంటనే తేరుకున్నాడు. "ఓ గిదా! గిది పిలగాడు గీసిన బొమ్మ బావా."

"బొట్టు గూడ బొమ్మనేనా?"

ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది, బయలుదేరారా అని. దారిలో ఉన్నామని చెప్పాను. బాపు ఊపిరి పైపైనే ఆడుతోంది, పెదాల రంగు మారింది. ఇలాంటప్పుడు నాకు నోరు ఆగదు. "బాపూ, కుర్చీ రిపోర్టులన్ని మంచిగనే ఉన్నయి" అన్నాను.

"నువ్వు నోరు మూస్కో అల్లుడా," అన్నాడు మామ.

ఫ్రేము కిందికి దించాను. బాపు తల అడ్డంగా ఊపాడు. "తీసేస్తే కుర్చీ నిండుతదారా?"

ఆయనే మళ్లీ అన్నాడు. "గీసినోనివి నువ్వే గదా. నన్ను గండ్ల, గా బొమ్మ కుర్చీల కూసోబెట్టు. అప్పుడు లేస్త."

ఫ్రేము వెనక రేకు విప్పి కాగితం తీశాను. బాపు మెల్లగా వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ గడియారం చూస్తోంది, మామ కారు తాళం చెవి వేలికి తిప్పుతున్నాడు, నేను పెన్ను తీశాను. ఆ కుర్చీలో ప్రతి అల్లికా నాకు తెలుసు. అందులో కూర్చున్న మనిషిని మాత్రం అప్పుడే సరిగ్గా చూశాను. వెనక్కి ఆనితే ఊపిరి అందదని బాపు ముందుకు వంగి, రెండు చేతులతో చట్రాన్ని గట్టిగా పట్టుకుని ఉన్నాడు. ఎప్పటి నుంచి ఇలా కూర్చుంటున్నాడో! భుజాలు గీశాను. చేతులు గీశాను. ముక్కు దగ్గరికి వచ్చేసరికి, మామూలుగానే, అంతా చెడిపోయింది.

బాపు కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు.

"గిది నేనారా?"

"నువ్వే బాపూ."

"నేను గాదు. గిది మీ మామ."

మామ వంగి చూశాడు. నేనూ చూశాను. అబద్ధమెందుకు, మామే. ఆ ముక్కు జిల్లాలో ఇంకెవరికీ లేదు.

"అరే, నేనెందుకుంట బావా గండ్ల?"

"ఏమో. పిలగాడు నిన్నే కూసోబెట్టిండు," అంటూ బాపు చట్రం పట్టుకుని లేచాడు. "ఇగ నాకేం భయం లేదు. నడువుండ్రి."

మామ కారు నడిపిన తీరు చెప్పాలి. ఎప్పుడూ లారీలను ఓవర్‌టేక్ చేసి మీసం దువ్వే మనిషిని, ఆ రోజు రాజీవ్ రహదారి మీద ట్రాక్టర్లు దాటిపోయాయి. మా జిల్లా ములుగు దగ్గర మామ మెల్లగా అన్నాడు, "అల్లుడా, ఇంటికి పోంగనే గా బొమ్మ చింపెయ్."

"చింపితే ఏమన్న అయితదేమో చూస్కో బామ్మర్ది," అన్నాడు బాపు, కళ్లు మూసుకునే.

శనివారం పొద్దున ఆయన్ని లోపలికి తీసుకుపోయారు. థియేటర్ బయట స్టీలు కుర్చీలు వరసగా బిగించి ఉన్నాయి. మామూలుగానైతే నాకు పండగే. జేబులో పెన్ను కూడా ఉంది. ఒక్క గీత గీయలేదు. అమ్మ ఒక చేత్తో నా మోచేయి పట్టుకుని కూర్చుంది. తలుపు కదిలినప్పుడల్లా ఆ పట్టు బిగిసేది. మామ బాటిల్ నీళ్లన్నీ తాగేసి, మళ్లీ తెచ్చి, అవీ తాగాడు. మధ్యాహ్నం దాటాక డాక్టరు మాస్కు కిందికి లాగుతూ వచ్చి, అయిపోయింది, బాగానే ఉన్నాడు, ఈ రాత్రి గడవాలి అన్నాడు. మొదటి మాటకే అమ్మ కుప్పకూలబోయింది. తక్కినవి విన్నాక కూడా కుప్పకూలబోయింది.

మర్నాడు ఐసీయూలోకి ఒక్కరినే పోనిస్తామంటే అమ్మ నన్ను పంపింది, తను చూడలేనని. బాపు ఒంటి నిండా గొట్టాలు. మంచం పక్కన నిలబడ్డాను. గొట్టాలు లెక్కపెట్టాను. చాలాసేపటికి ఆయన కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టాడు.

"నిలబడ్డవేందిరా? కూసో."

"గీడ కుర్చీలు ఎయ్యరట బాపూ."

ఎండిన పెదాలు తడుపుకున్నాడు. "లేకుంటే గీస్కో."

తన మాటకు తానే నవ్వబోయాడు. కుట్లు లాగి, దగ్గు వచ్చి, పక్కనున్న మిషన్ కూత పెట్టింది. నర్సు పరుగెత్తుకొచ్చి, పేషెంటును నవ్విస్తావా అని తిట్టి నన్ను బయటికి పంపింది. ఈసారి నేనేమీ అనలేదమ్మా అని ఎంత చెప్పినా వినలేదు.