వదిన ఆడిన ఆట

సౌదీలోని దమ్మాంలో మా పక్క ఫ్లాటులో ఉండే కరీంనగర్ అన్న భార్యది ఐర్లండు. మేమంతా ఆమెను వదిన అనేవాళ్ళం. మా హాల్లో బతుకమ్మ ఆడుతూ మేం చప్పట్లు కొడుతుంటే, ఆమె చేతులు కదపకుండా ఉత్త పాదాలతోనే ఆడేది.

"మా అమ్మ కాళ్ళకే నేర్పింది," అని అన్న దగ్గర నేర్చుకున్న తెలుగులో నవ్వేది.

సౌదీవాళ్ళను చాలినంతమందిని పెట్టుకోలేదని, ఉద్యోగాల కోటా చట్టం నితాఖాత్‌లో అన్న కంపెనీ రెడ్ జాబితాలో పడింది. ఇంటిల్లిపాది నివాస అనుమతులు, ఇకామాలు, రెన్యూ కాక ఆగిపోయాయి. ఇకామా చెల్లకపోతే దేశం దాటనివ్వరు. అప్పుడే ఐర్లండులో వదిన వాళ్ళమ్మ పోయింది.

అక్కడి చర్చిలో ప్రార్థన ఫోన్‌లో వచ్చింది. వేరే మతం ప్రార్థన బయటికి వినపడకూడని దేశం గనక తలుపులు మూసి, కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని, వదిన తన భాషలో గొంతు కలిపింది. శవపేటిక మోసుకెళ్తుంటే లేచి ఆడసాగింది. కూతురూ లేచింది.

"కూసో వదినా, అలసిపోతవ్," అన్నాను.

"ఆడి సాగనంపుతా అని అమ్మకు మాటిచ్చిన. నేనొక్కదాన్నే బిడ్డను."

ఫోన్‌లో అంతా అయిపోయాక కూడా ఆడుతూనే ఉంది.

దేశం దాటే ఎగ్జిట్ అనుమతి దొరికేసరికి ఎండాకాలం దాటింది. అక్కడికి చేరాక ఫోన్ చేసి, చాలాసేపు ఏడ్చింది.

"అమ్మ మీద గడ్డి మొలిచింది," అంది.