చెవి దగ్గర మిరపకాయలు

మిత్రుడి భార్యకు పక్షవాతం వచ్చిందని, బ్రాడీపేటలో ఒక ఆసుపత్రిలో చేర్చారని తెలిసి చూడబోయాను. చిలకలూరిపేట దగ్గర పల్లె వాళ్లది, మిరప రైతులు. పత్రికలో పనిచేసినన్నాళ్లూ ఎన్నో చావుల గురించి రాశాను గానీ, రోగి పక్కన కూర్చున్న మనిషితో ఏం మాట్లాడాలో నాకు పట్టుబడలేదు. ఆటోలో కూర్చుని నాలుగు మాటలు కూడబెట్టుకున్నాను.

నన్ను చూడగానే వాడే అందుకున్నాడు. "ఏరా, బత్తాయిలు తెచ్చావా? ఆవిడకి ముక్కులో గొట్టం. మనిద్దరమే తినాలి."

ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి. చూపు ఎవరి మీదా ఆగడం లేదు. మనుషుల్ని గుర్తుపడుతుందో లేదో చెప్పలేమన్నాడట డాక్టరు.

"నేనెవరో కూడా తెలీట్లేదేమోరా," అన్నాడు.

"ధైర్యంగా ఉండు," అన్నాను. నా చెవికే అది చప్పగా వినిపించింది.

వాడు జేబులోంచి, పొద్దున కొడుకు పంపిన ఎండుమిరపకాయలు తీశాడు. కల్లంలో కాయ ఎండిందో లేదో తేల్చేది ఎప్పుడూ ఆమే. గుప్పెడు తీసుకుని చెవి దగ్గర ఆడిస్తుంది. లోపల గింజలు గలగలమంటేనే బస్తాలకెత్తమంటుంది. ఆమె సరేననందే వాడు ఏ ఏడూ ఎత్తించలేదు.

"మిరపకాయలేంటి బాబాయ్ గారూ!" నర్సు పరుగెత్తుకొచ్చింది. "వార్డంతా దగ్గి చస్తారు!"

"ఒక్క నిమిషం తల్లీ. అడక్కుండా ఎత్తిస్తే, లేచాక నన్ను బతకనివ్వదు."

ఆమె చెవి దగ్గర గుప్పెట ఆడించాడు. "ఏమేవ్, ఎత్తమంటావా?"

చప్పుడు మెత్తగా వచ్చింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఆమె కనుబొమలు దగ్గరకొచ్చాయి. దిండు మీద తల పిసరంత అటూ ఇటూ కదిలింది.

వద్దంది.

నర్సు తిట్టబోయి ఆగిపోయింది. వాడు ఆ చేత్తోనే కళ్లు తుడుచుకుని, కారం మండి, "అమ్మో" అంటూ కుళాయి దగ్గరకు పరుగెత్తాడు. ఎర్రబడ్డ కళ్లతో తిరిగొచ్చి కొడుక్కి ఫోన్ చేశాడు.

"ఒరేయ్, బస్తాలు కట్టొద్దు. కాయ ఇంకా ఆరలేదు... ఎవరన్నారేంట్రా? మీ అమ్మే!"

వాడు ఫోను చెవికి ఆనించుకుని, ఆమె నుదుటి మీది ఆ ముడతనే చూస్తూ నిలబడ్డాడు.